బంతి కబుర్లు: బెంగళూరు ఎఫ్‌సీకి ఇంకో విదేశీ స్ట్రైకర్ కావాలా?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం బెంగళూరు ఎఫ్‌సీ గురించే వచ్చాయి. 2025 ఏప్రిల్ 12న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో జరిగిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) ఫైనల్లో మన జట్టు మోహన్ బగాన్ చేతిలో 2-1 తేడాతో ఓడిపోయింది. ఆ రాత్రి ఈ ఊళ్ళో ఇంతమంది తెలుగువాళ్ళకి నిద్ర పట్టలేదని ఉత్తరాలు చూశాకే తెలిసింది. ఆటగాళ్ళ కాంట్రాక్టులు చాలావరకు మే 31తో అయిపోతాయి. జూన్‌లో కొనుగోళ్ళ విండో తెరుచుకుంటుంది. అందుకే ఈ నెల ఐపీఎల్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. క్రికెట్ వాళ్ళు అలగొద్దు, మీకు ఎలాగూ మిగతా పత్రిక అంతా ఉంది.

సార్, మాది నెల్లూరు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. పోయిన ఏడాది నుంచే ఫుట్‌బాల్ చూస్తున్నాను. పదో స్థానంలో ఉన్న జట్టు ఒక్క ఏడాదిలో ఫైనల్‌కి వచ్చిందంటే 2024లో కొన్నవాళ్ళంతా బంగారమే కదా అంటాడు నా రూమ్‌మేట్. అసలు ఒక కొనుగోలు మంచిదా కాదా అని ఎలా తేల్చాలి?

మీ రూమ్‌మేట్ ఫలితాన్ని బట్టి మాట్లాడుతున్నాడు. నేను రిటైరయ్యేదాకా ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేశాను. గేట్లోకి ఏ సరుకు వచ్చినా మేం ముందు అడిగేది ఇండెంటే, అంటే ఫలానాది కావాలని రాసిచ్చిన కాగితం. ఎవరు అడిగారు, దేనికి అడిగారు, అలాంటిది స్టాకులో ఇప్పటికే ఉందా? ఆటగాడి విషయంలోనూ నాది అదే పద్ధతి.

2024 మే నెలలో ఇండెంట్ ఏమిటో గుర్తు చేసుకుందాం. 2023-24 సీజన్లో పన్నెండు జట్లలో మనది పదో స్థానం. అంతకుముందు వేసవిలో రాయ్ కృష్ణ ఒడిశాకి వెళ్ళిపోయాడు, సందేశ్ ఝింగన్, ఉదాంత సింగ్ గోవాకి వెళ్ళారు. వాళ్ళ చోట్లలో వచ్చినవాళ్ళు ఆ లోటు తీర్చలేకపోయారు. డిసెంబర్‌లో కోచ్ సైమన్ గ్రేసన్‌ని పంపించి జెరార్డ్ జరగోజాని తెచ్చినా సీజన్ చేయి దాటిపోయింది. లోపాలు దాచినా దాగేవి కావు. గోల్ కొట్టేవాడు లేడు, మధ్యలో బంతి పట్టుకుని ఊపిరి పీల్చుకోనిచ్చేవాడు లేడు, వెనక నలుగురిని అదిలించి నిలబెట్టే గొంతు లేదు.

ఆ మూడింటికీ క్లబ్ ఒక్క చోటికే వెళ్ళింది. ఐఎస్ఎల్ కప్పు గెలిచిన ముంబయి సిటీ నుంచి హోర్హె పెరేరా డియాజ్, ఆల్బెర్టో నొగేరా, రాహుల్ భేకే వచ్చారు. నా ఉద్దేశంలో ఆ వేసవిలో చేసిన తెలివైన పని ఇదే. విదేశీ ఆటగాడిని కొనేటప్పుడు అందరికీ ఉండే టెన్షన్ ఒకటే. అక్కడ ఆడినవాడు ఇక్కడి ఉక్కలో, ఇక్కడి మైదానాల్లో, ఇక్కడి రెఫరీల మధ్య ఆడగలడా? నొగేరాకి అప్పటికే గోవాలో, ముంబయిలో కలిపి నాలుగు సీజన్ల అనుభవం ఉంది. డియాజ్ ఒక సీజన్ కేరళ బ్లాస్టర్స్‌కి, రెండు సీజన్లు ముంబయికి ఆడాడు. 2024 ఫైనల్లో మోహన్ బగాన్‌పై స్కోరు సమం చేసిన గోల్ అతనిదే. భేకే గురించి ఈ ఊళ్ళో చెప్పనక్కర్లేదు. 2019 ఫైనల్లో గోవాపై 117వ నిమిషంలో తలతో కొట్టి మనకి కప్పు తెచ్చినవాడు. వెళ్ళినవాడు తిరిగొచ్చాడు, అంతే.

ఎడ్గార్ మెండెజ్, పెడ్రో కాపో మాత్రం మన దేశానికి కొత్త. మెండెజ్ 2017లో అలావెస్‌ని స్పెయిన్ కప్పు ఫైనల్‌కి చేర్చిన గోల్ కొట్టినవాడు. కానీ అది ఎప్పటి మాట? ఇక్కడికి వచ్చేసరికి వయసు ముప్పై నాలుగు. నాకు అనుమానం ఉండేది. 2024 అక్టోబర్ 25న కొచ్చిలో, ఆ పసుపు చొక్కాల అభిమానుల గోలలో, బ్లాస్టర్స్‌పై రెండు గోల్స్ కొట్టి ఆ అనుమానం తీర్చేశాడు. మిడ్‌ఫీల్డర్ కాపో పేరు స్కోరు షీటులో కనిపించదు గానీ, సీజన్ మొదటి ఐదు మ్యాచ్‌ల్లో మనం ఒక్క గోల్ కూడా ఇవ్వకపోవడంలో అతని వాటా పెద్దది.

మార్చి 29న ముంబయిపై 5-0 చూశారుగా. పద్దెనిమిది రోజుల ముందు అదే కంఠీరవలో, మన సొంత మైదానంలో, అదే ముంబయి మనల్ని 2-0తో కొట్టి వెళ్ళింది. 5-0తో గెలిచిన ఆ ప్లేఆఫ్ మ్యాచ్‌లో గోల్స్ కొట్టినవాళ్ళు ఐదుగురూ వేర్వేరు: సురేశ్ వాంగ్జామ్, మెండెజ్, ర్యాన్ విలియమ్స్, సునీల్ ఛేత్రి, డియాజ్. ఒక్కడి మీద ఆధారపడని జట్టు అంటే అది.

అయితే బంగారమేనా? ఒక సీజన్‌కి బంగారమే. జట్టులో ఉన్న ఆరుగురు విదేశీయుల్లో విలియమ్స్ ఒక్కడే కాస్త కుర్రవాడు, అతనికీ ముప్పై దాటాయి. మిగతా ఐదుగురూ ముప్పై మూడు దాటినవాళ్ళే. వాళ్ళని తెచ్చింది 2024-25ని నడిపించడానికి, నడిపించారు. రెండో ఏడాదికి కూడా వాళ్ళనే అనుకుంటే అది వేరే ఇండెంట్, దాని మీద నేను సంతకం పెట్టను.

అన్నయ్యా, మేం రామమూర్తి నగర్. మా అబ్బాయి వెస్ట్ బ్లాక్ బ్లూస్ (బెంగళూరు అభిమానుల సంఘం) పిల్లలతో కలిసి నిలబడి అరుస్తాడు, నేను వెనక కుర్చీలో కూర్చుని వాడికి నీళ్ళ సీసా కాపలా. ఫైనల్లో మన డిఫెండర్ సనా చేతికి బంతి తగలకపోతే కప్పు మనదే అంటున్నాడు. డిఫెన్స్ మొత్తం మార్చేయాలా?

నీళ్ళ సీసాని లోపలికి ఎలా తీసుకెళ్ళారో ముందు అది చెప్పమ్మా, సెక్యూరిటీ వాళ్ళు నా చేతిలో అరటిపండు కూడా వదలరు.

మీవాడి బాధ నిజమే. 49వ నిమిషంలో మోహన్ బగాన్ డిఫెండర్ ఆల్బెర్టో రోడ్రిగెజ్ సొంత గోల్ వేసుకుని మనకి ఆధిక్యం ఇచ్చాడు. 72వ నిమిషంలో చింగ్లెన్‌సనా చేతికి తగిలింది, కమింగ్స్ పెనాల్టీ కొట్టాడు. ఎక్స్‌ట్రా టైమ్ మొదట్లోనే, 96వ నిమిషంలో మెక్లారెన్ ముగించాడు. కానీ సనాని ఒక్కణ్ణి నిలబెట్టి అడగడం అన్యాయం. ఇది ఒక్క రాత్రి జబ్బు కాదు.

వెనక్కి వెళ్ళండి. 2024 ఆగస్టు 27, డ్యూరాండ్ కప్ సెమీఫైనల్, ఇదే సాల్ట్ లేక్, ఇదే మోహన్ బగాన్. ఛేత్రి, వినీత్ వెంకటేశ్ కొట్టి 2-0. చివరికి 2-2, పెనాల్టీల్లో ఇంటికి. 2025 ఏప్రిల్ 6న గోవాలో సెమీస్ రెండో మ్యాచ్. మొదటి మ్యాచ్‌లో సంపాదించిన రెండు గోల్స్ ఆధిక్యం 88వ నిమిషానికి కరిగిపోయింది. ఇంజరీ టైమ్‌లో ఛేత్రి తల పెట్టబట్టి ఫైనల్ చూశాం. ఫైనల్ అయ్యాక భువనేశ్వర్‌లో సూపర్ కప్. అప్పటికి కింది స్థాయి ఐ-లీగ్‌లో ఆడుతున్న ఇంటర్ కాశీపై ముందు గోల్ మనది, చివర్లో సమం చేయించుకుని మళ్ళీ పెనాల్టీల్లో ఓటమి. పాత జట్టుదీ ఇదే కథ. 2023 ఫైనల్లో మోహన్ బగాన్‌పైనే రాయ్ కృష్ణ గోల్‌తో 2-1, 85వ నిమిషంలో పెట్రాటోస్ పెనాల్టీ, ఆ తర్వాత షూటౌట్‌లో ఓటమి. 2018 ఫైనల్ సొంత గడ్డ మీదే. చెన్నైయిన్‌పై ఛేత్రి తొమ్మిదో నిమిషంలోనే గోల్ కొట్టాడు, 3-2తో ఓడాం. ఆ రోజు కబ్బన్ పార్క్ మెట్రో దాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా నడిచారు.

కోచ్‌లు మారారు, ఆటగాళ్ళు మారారు, ఇది మారలేదు. కాబట్టి నా ఫిర్యాదు డిఫెండర్ల మీద కాదు, వాళ్ళ ముందున్న ఖాళీ మీద. ఆధిక్యం వచ్చాక మనవాళ్ళు మెల్లమెల్లగా పెనాల్టీ బాక్స్ దగ్గరికి జారుకుంటారు. బంతిని బయటికి తన్నుతారు, అది తిరిగొస్తుంది, మళ్ళీ తన్నుతారు. అరగంట ఇలా సాగితే ఎవరి చేతికో కాలికో తగలక మానదు. కాపో ఎక్కడ నిలబడాలో బాగా తెలిసినవాడే, కానీ ఎనభయ్యో నిమిషంలో పరుగెత్తి బంతి లాక్కునే వయసు కాదు. సురేశ్ పరుగెత్తుతాడు, కానీ ఇద్దరి పరుగు ఒక్కడే పరుగెత్తలేడు. బెంచ్ మీద ఉన్న ఫనాయ్, హర్ష్ పాత్రే ఇంకా పిల్లలు.

అందుకని నా మొదటి కొనుగోలు: పాతికేళ్ళ పైచిలుకు వయసున్న, బంతి లాక్కుని, లాక్కున్న బంతిని మనవాడికే ఇవ్వగల మిడ్‌ఫీల్డర్. అలాంటి భారతీయుడు దొరికితే అదృష్టం, ఉన్న క్లబ్బులు వదలవు. దొరక్కపోతే ఒక విదేశీ స్థానం దీనికే వాడాలి. అతని కోసం ఎవరూ బ్యానర్ కట్టరు. మీ అబ్బాయి చొక్కా మీద అతని నంబరు వేయించుకోడు కూడా.

సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో నిలబడేవాడు) విషయం దాని తర్వాత. జొవనోవిచ్‌కి ముప్పై అయిదు, భేకేకి ముప్పై నాలుగు. సనా ఒక్కడే ఇంకొన్నేళ్ళు ఆడతాడు. వాళ్ళిద్దరూ ఒకేసారి ఆగిపోయిన రోజున కంగారుపడి కొనేకంటే, భేకే ఉండగానే అతని పక్కన నేర్చుకునే ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి ఇప్పుడే తీసుకోవాలి.

సార్, ఛేత్రి ఈ సీజన్లో 14 గోల్స్ కొట్టాడు. భారతీయ ఆటగాళ్ళలో అతనే టాప్. ఆయన ఇంకో ఏడాది ఆడితే స్ట్రైకర్ గొడవే ఉండదు కదా? (ఇంజనీరింగ్ విద్యార్థి, యెలహంక)

2025 ఆగస్టు 3కి అతనికి నలభై ఒకటి నిండుతాయి, తమ్ముడూ. నాకు ఛేత్రి అంటే ఎంత ఇష్టమో ఈ శీర్షిక చదివేవాళ్ళకి తెలుసు. 2024 డిసెంబర్ 7న బ్లాస్టర్స్‌పై నలభై ఏళ్ళ వయసులో హ్యాట్రిక్ కొట్టినప్పుడు మా ఇంటి కింద అద్దెకున్న మలయాళీ కుటుంబానికి స్వీటు పెట్టి వచ్చాను (తీసుకున్నారు, తినలేదు). అయినా నీ ప్రశ్నే నన్ను భయపెడుతోంది. క్లబ్ కూడా ఇలాగే అనుకుంటుందేమోనని.

జాతీయ జట్టుని చూడు. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి ఛేత్రి వీడ్కోలు చెప్పాడు. ఏడాది తిరగకముందే, 2025 మార్చిలో, కోచ్ మనోలో మార్కెజ్ అతన్నే మళ్ళీ పిలిచాడు. షిల్లాంగ్‌లో మాల్దీవులపై గోల్ కూడా కొట్టాడు. చప్పట్లు కొట్టాం సరే, నూట నలభై కోట్ల మందిలో ఇంకో తొమ్మిదో నంబరు (అసలు స్ట్రైకర్) లేకే కదా ఆ పిలుపు? లేకపోవడానికి కారణం వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. 2024-25 ఐఎస్ఎల్ నిబంధనల ప్రకారం ఒక్కో క్లబ్ ఆరుగురు విదేశీయులను పెట్టుకోవచ్చు, నలుగురిని ఒకేసారి మైదానంలో దించవచ్చు. ఆ నలుగురిలో కనీసం ఒకడు స్ట్రైకర్. ప్రతి క్లబ్బూ అదే చేస్తుంది, గోల్ త్వరగా కావాలి కాబట్టి. మన కుర్రాడికి మిగిలేది వింగ్, లేకపోతే బెంచ్.

మన దగ్గరే ఉదాహరణ ఉంది. శివశక్తి నారాయణన్ 2022-23లో లీగ్ మొత్తానికి ఎమర్జింగ్ ప్లేయర్ (వర్ధమాన ఆటగాడి అవార్డు) అతనే. తర్వాత ముందు వరుసలో డియాజ్, మెండెజ్, విలియమ్స్, ఛేత్రి ఉండగా అతను ఎక్కడ నిలబడాలి? వినీత్ సంగతి చూడు. అకాడమీ కుర్రాడు. 2024 సెప్టెంబర్ 14న ఈస్ట్ బెంగాల్‌పై సీజన్ మొదటి మ్యాచ్‌లో గెలుపు గోల్ అతనిదే. ఆ తర్వాత సీజన్లో అతను వార్మప్ చేస్తూ కనిపించినంతగా ఆడుతూ కనిపించలేదు.

నేను అడిగేది ఇదీ. ఇంకో విదేశీ స్ట్రైకర్ని కొనొద్దు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ భారతీయ ఫార్వర్డ్‌ని ఒకణ్ణి తీసుకోవాలి, లేదా శివశక్తికే ఆ చోటు రాసివ్వాలి. ఛేత్రి అలిసిన అరవయ్యో నిమిషం నుంచి ప్రతి మ్యాచ్‌లో అతనే. గోల్ కొట్టకపోయినా అతనే. దానివల్ల ఒక సీజన్లో నాలుగైదు పాయింట్లు పోతాయి. పోనీ. ఈసారి లీగ్‌లో మనకి 38 పాయింట్లు, మోహన్ బగాన్‌కి 56. ఆ దూరం ఇంకో ముప్పై అయిదేళ్ళ స్పెయిన్ దొరతో పూడేది కాదు.

మా హైదరాబాద్ ఎఫ్‌సీ కష్టాల్లో ఉన్నప్పుడు మీ బెంగళూరు మా సనాని, పూజారిని ఎగరేసుకుపోయింది. సిగ్గనిపించట్లేదా? (హైదరాబాద్ నుంచి ఒక అభిమాని)

కొంచెం అనిపిస్తుంది. 2022లో కప్పు గెలిచిన జట్టు 2023-24లో చివరి స్థానంలో మిగలడం ఏ తెలుగువాడికైనా కడుపు కోతే. పైగా రహీమ్ సాబ్ ఊరు అది. 1962 ఏషియన్ గేమ్స్‌లో మనకి బంగారు పతకం తెచ్చిన కోచ్ ఊరికి ఆ గతి పట్టాల్సింది కాదు.

కానీ కొనుగోలుగా చూస్తే ఆ రెండూ తప్పుపట్టడానికి లేవు. సీజన్ మధ్యలో, అప్పటికే కుదురుకున్న ఇద్దరు భారతీయ డిఫెండర్లు దొరకడం మామూలు విషయం కాదు. నిఖిల్ పూజారి రైట్ బ్యాక్‌లో స్థిరపడటం వల్లే 2024 వేసవిలో ఆ చోటికి ఎవరినీ వెతకాల్సిన పని పడలేదు. జనవరి కొనుగోళ్ళని జనం మర్చిపోతారు. వేసవిలో ఏం కొనక్కర్లేదో తేల్చేది అవే.

అంకుల్, లెఫ్ట్ బ్యాక్ కూడా కావాలి కదా? (దొమ్మలూరు)

అక్కర్లేదు. రోషన్ నవోరెమ్ ఉన్నాడు, 2021-22లో అతనూ ఎమర్జింగ్ ప్లేయరే. అతనికి గాయమైతే నిలబడడానికి మహమ్మద్ సలాహ్‌ని పంజాబ్ నుంచి తెచ్చుకున్నారు. ఫ్యాక్టరీ జట్టులో నేనూ లెఫ్ట్ బ్యాకే కాబట్టి ఈ చోటు మీద నాకు పక్షపాతం ఉంది. అయినా అక్కర్లేదనే అంటున్నాను.

మాది బళ్ళారి. తోరణగల్లులో అంత పెద్ద క్రీడా సంస్థ ఉంది, మన క్లబ్ యజమానులైన జేఎస్‌డబ్ల్యూ వాళ్ళదే. అకాడమీ ఉండగా బయటి నుంచి కొనడం దేనికి?

అకాడమీ నుంచి ఏడాదికి ఒకడు పెద్ద జట్టులోకి వచ్చి నిలబడినా గొప్పే. వినీత్ వచ్చాడు. వచ్చినవాడికి చోటు ఖాళీగా ఉందా అన్నదే నా గొడవ, పైన యెలహంక కుర్రాడికి రాశాను, అదే మీకూ జవాబు. అక్కడి పిల్లల మ్యాచ్‌లు చూడటానికి మీకు వీలుంటే వెళ్ళి చూసి నాకు ఉత్తరం రాయండి. ముఖ్యంగా సెంటర్ బ్యాక్‌లు ఎలా ఉన్నారో.

గుర్‌ప్రీత్‌ని మార్చాలా వద్దా, ఒక్క ముక్కలో చెప్పండి. (హలసూరు)

వద్దు. గోల్‌కీపర్‌కి ముప్పై మూడు పెద్ద వయసు కాదు. 2017 నుంచి ఇక్కడే ఉన్నాడు. ఎత్తు నుంచి వచ్చే బంతులకి ఒక్కోసారి తడబడతాడు, నిజమే. అతన్ని నిద్రపోనివ్వకుండా పోటీ ఇచ్చే రెండో కీపర్ ఉంటే చాలు. ఈ వేసవి డబ్బు దానికి ఖర్చు పెట్టొద్దు. గౌతమపుర పెలే విగ్రహం దగ్గర టీ తాగేవాళ్ళతో ఈ వాదన మీరు రోజూ చేస్తుంటారని తెలుసు, నా పేరు చెప్పి గెలవండి.

సార్, క్లబ్ చెక్‌బుక్ మీ చేతికిస్తే మొదటి వారంలో ఏం చేస్తారు? (కె.ఆర్. పురం)

ముందు కొనడం కాదు, ఉంచుకోవడం. సురేశ్ వాంగ్జామ్ కాంట్రాక్ట్ కాగితాలు తెప్పించుకుంటాను. ర్యాన్ విలియమ్స్‌ని వదలను, రెండు వైపులా పరుగెత్తే విదేశీయుడు అతనొక్కడే. నొగేరాని అడుగుతాను, మ్యాచ్‌కి అరగంట ఆడటానికి, కుర్రాళ్ళకి బంతి ఎలా పట్టుకోవాలో చూపించడానికి ఒప్పుకుంటాడా అని. ఒప్పుకుంటే ఉంటాడు. మెండెజ్‌కి దండం పెట్టి, కొచ్చిలో కొట్టిన రెండు గోల్స్‌కి థాంక్స్ చెప్పి పంపిస్తాను. ఆ ఖాళీలో మిడ్‌ఫీల్డర్ వస్తాడు. మిగిలిన డబ్బుతో సెంటర్ బ్యాక్ కుర్రాడు.

డియాజ్‌కి ఇంకో ఏడాది ఇస్తారా అని మీరు కింద మళ్ళీ చిన్న అక్షరాలతో రాశారు. ఇవ్వను. ముంబయిపై ఐదో గోల్ అతనిదేనని గుర్తుండే అంటున్నాను.